పొద్దుగూకిన తర్వాత సూర్యుని కరెంటు

కరెంటు గురించి మనం సాధారణంగా రెండు ప్రశ్నలే వేస్తాం. ఉందా, లేదా? ఉంటే యూనిట్ ధర ఎంత? మూడో ప్రశ్న ఒకటి ఉంది. అది ఏ గంటలో వస్తోంది? వసతి గృహాల్లో చదువుకునే మనకు ఈ మూడో ప్రశ్న చాలా ముఖ్యమైనది. మన స్టడీ అవర్ సాయంత్రం మొదలవుతుంది. ఇంచుమించు ఆ వేళకే ఊళ్లలో దీపాలు, టీవీలు, ఫ్యాన్లు అన్నీ ఒక్కసారిగా ఆన్ అవుతాయి. సోలార్ ప్యానెళ్లు పని ఆపేసేదీ ఆ వేళకే.

2012, 2013 సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు కొరత తీవ్రంగా ఉండేది. పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించారు. పట్టణాల్లో కంటే పల్లెల్లో కోత ఎక్కువ గంటలు ఉండేది. ఆ రోజుల్లో హాస్టళ్లలో ఉండి పదో తరగతి పరీక్షలు రాసిన అన్నయ్యలకు, అక్కయ్యలకు కొవ్వొత్తి వెలుగులో చదవడమంటే ఏమిటో మేము చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత దేశంలో సౌర విద్యుత్తు బాగా పెరిగింది. 2025 జనవరి నాటికి మన దేశపు సౌర విద్యుత్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. అయితే ఇందులో దాదాపు అంతా పగటి కరెంటే. సూర్యుని కరెంటును సాయంత్రానికి అట్టిపెట్టడం ఎలా, దానివల్ల గ్రిడ్ ఎలా నిలకడగా ఉంటుంది అన్నదే మేము ఎంచుకున్న విషయం.

గ్రిడ్ – ఒకే వేగంతో తిరిగే చక్రాలు

విద్యుత్ కేంద్రాలు, హైటెన్షన్ లైన్లు, సబ్‌స్టేషన్లు, మన ఇంటి మీటరు వరకు కలిసి ఉన్న వలనే గ్రిడ్ అంటారు. ఈ వలలో కరెంటు తనంతట తాను నిలవ ఉండదు. ఏ క్షణంలో ఎంత వాడుతున్నామో ఆ క్షణంలో అంతే తయారు కావాలి. ఎక్కువైనా ఇబ్బందే, తక్కువైనా ఇబ్బందే.

ఈ సమతూకం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. అదే పౌనఃపున్యం. మన దేశంలో ఇది 50 హెర్ట్జ్. అంటే కరెంటు దిశ సెకనుకు 50 పూర్తి ఆవర్తనాలు చేస్తుంది. బొగ్గు కేంద్రాల్లోని పెద్ద జనరేటర్లు ఇందుకోసం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. 50ని 60తో గుణిస్తే ఈ లెక్క తేలికగా తెలుస్తుంది. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే ఈ చక్రాలపై బరువు పడి వేగం తగ్గుతుంది, పౌనఃపున్యం 50 కంటే దిగుతుంది. వాడకం తగ్గితే వేగం పెరిగి 50 దాటుతుంది. మన దేశపు గ్రిడ్ నియమావళి ప్రకారం ఇది 49.90కి, 50.05కి మధ్య ఉండాలి. ఎంత సన్నని గీత మీద నడవాలో చూడండి!

2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశమంతా 9 నిమిషాలపాటు దీపాలు ఆర్పిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ కొద్దిసేపట్లో దేశంలో వాడకం సుమారు 31,000 మెగావాట్లు పడిపోయి, మళ్లీ పెరిగింది. గ్రిడ్ కుప్పకూలుతుందేమోనని చాలామంది భయపడ్డారు. ముఖ్యంగా జలవిద్యుత్ కేంద్రాలను చకచకా తగ్గించి, మళ్లీ చకచకా పెంచి ఇంజనీర్లు గండం గట్టెక్కించారు. పౌనఃపున్యం 49.70కి, 50.26కి మధ్యే ఉంది. దీన్నిబట్టి గ్రిడ్‌కు కావలసింది కేవలం కరెంటు కాదని, అడిగినప్పుడు పెరిగి అడిగినప్పుడు తగ్గే కరెంటు అని అర్థమవుతుంది.

ఆ సమతూకం పూర్తిగా తప్పితే ఏమవుతుందో 2012 జూలై 30, 31 తేదీల్లో చూశాం. అధిక భారం పడిన ఒక లైను ట్రిప్ కావడంతో మొదలై మొదటి రోజు ఉత్తర గ్రిడ్, రెండో రోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ కుప్పకూలాయి. 60 కోట్లమందికి పైగా ప్రజలు ఉండే ప్రాంతాలు చీకటయ్యాయి. మన దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే వేగంలో కలిసి తిరగడం లేదు కనుక మనకు ఆ దెబ్బ తగలలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైను ద్వారా మనం కూడా కలిశాం. ఇప్పుడు దేశమంతా ఒకే గ్రిడ్. ఎక్కడో జరిగిన కుదుపు మన ఊరి సబ్‌స్టేషన్‌లో కూడా క్షణాల్లో తెలుస్తుంది.

బరువైన చక్రం చేసే మేలు

కుమ్మరి సారెను చూసినవారికి జడత్వం గురించి వేరే పాఠం అక్కర్లేదు. కర్రతో ఒకసారి తిప్పి వదిలితే, కుండ పూర్తయ్యేవరకు అది తిరుగుతూనే ఉంటుంది. దాని బరువే దాన్ని తిప్పుతుంది. పాతకాలపు ఆయిల్ ఇంజన్ పక్కన కూడా ఇలాంటి బరువైన చక్రం ఉండేది. ఇంజన్ ఒక్కో దెబ్బ మధ్యలో ఖాళీ వచ్చినా చక్రం ఆ ఖాళీని పూడ్చేది.

గ్రిడ్‌లో కూడా అంతే. బొగ్గు, జల, అణు విద్యుత్ కేంద్రాల్లో పదుల, వందల టన్నుల టర్బైన్లు, జనరేటర్లు తిరుగుతుంటాయి. ఎక్కడో ఒక పెద్ద కేంద్రం హఠాత్తుగా ఆగిపోయిందనుకోండి. ఆ లోటును మొదటి కొన్ని సెకన్లపాటు ఈ చక్రాల్లో నిలవ ఉన్న చలన శక్తి భర్తీ చేస్తుంది. చక్రాలు కొంచెం నెమ్మదిస్తాయి కానీ ఒక్కసారిగా పడిపోవు. ఈలోగా గవర్నర్ అనే పరికరం ఆవిరి వాల్వును మరింత తెరుస్తుంది. ఆ కొన్ని సెకన్ల వ్యవధే గ్రిడ్‌ను కాపాడుతుంది. అప్పటికీ పౌనఃపున్యం దిగుతూనే ఉంటే, రిలేలు కొన్ని ఫీడర్లను వాటంతటవే కత్తిరిస్తాయి. కొంత భాగం చీకటైనా మిగతా గ్రిడ్ నిలుస్తుంది.

సోలార్ ప్యానెల్‌లో తిరిగే భాగం ఏదీ లేదు. వెలుతురు పడగానే కరెంటు పుడుతుంది, ఇన్వర్టర్ ద్వారా గ్రిడ్‌కు వెళుతుంది. చవకగా, పొగ లేకుండా వస్తుంది. ఇందులో లోపమేమీ లేదు. కానీ మామూలు ఇన్వర్టర్‌కు సారె బరువు లేదు. పైగా ప్యానెళ్లు ఎప్పుడూ తాము ఇవ్వగలిగినంతా ఇచ్చేస్తుంటాయి కనుక, ఇంకాస్త ఇవ్వమంటే వాటి దగ్గర మిగులు ఉండదు. పెద్ద మబ్బు కమ్మితే ఒక కేంద్రంలో ఉత్పత్తి నిమిషం, రెండు నిమిషాల్లోనే సగానికి పైగా పడిపోవచ్చు.

సూర్యుని వేడితో కరెంటు

సౌర విద్యుత్తులో రెండో పద్ధతి ఉంది. దాన్ని సోలార్ థర్మల్ అంటారు. మనం సౌర తాపవిద్యుత్ అని పిలుచుకోవచ్చు. ఇందులో వెలుతురును కాదు, వేడిని వాడతారు. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినవాళ్లందరికీ దీని మూలసూత్రం తెలిసినట్టే. 2002లో తిరుమలలో ఇలాంటి 106 అద్దాల డిష్‌లతో ఆవిరి తయారుచేసి భక్తులకు అన్నం వండే ఏర్పాటు చేశారు. ఆ ఆవిరినే ఇంకా ఎక్కువ వేడితో, ఎక్కువ పీడనంతో టర్బైన్ మీదికి పంపిస్తే కరెంటు వస్తుంది.

ఇందులో రెండు పద్ధతులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మొదటిది పరావలయం ఆకారంలో వంచిన పొడవాటి అద్దాల తొట్లు. వాటి నాభి వద్ద ఉన్న గొట్టంలో నూనె ప్రవహిస్తూ సుమారు 390 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. రెండోది ఎత్తైన టవర్. దాని చుట్టూ వేల అద్దాలు సూర్యుడితోపాటు తిరుగుతూ వెలుగునంతా టవర్ కొసకు పంపిస్తాయి. అక్కడ కరిగిన ఉప్పు 565 డిగ్రీల వరకు వేడెక్కుతుంది.

ఉప్పు అంటే కూరలో వేసుకునేది కాదు. 60 పాళ్ల సోడియం నైట్రేట్, 40 పాళ్ల పొటాషియం నైట్రేట్ కలిపిన మిశ్రమం. పొటాషియం నైట్రేట్‌నే మన పెద్దలు సూరేకారం అంటారు. వేడి ఉప్పును ఒక పెద్ద ట్యాంకులో నింపుకొని, కావలసినప్పుడు దాని వేడితో నీటిని ఆవిరి చేసి టర్బైన్‌ను తిప్పుతారు. చల్లారిన ఉప్పు రెండో ట్యాంకులోకి వెళ్లి, మర్నాడు మళ్లీ వేడెక్కడానికి సిద్ధంగా ఉంటుంది.

ప్యానెల్ కరెంటు వాగు నీరు లాంటిది. వచ్చినప్పుడే వాడుకోవాలి. ఉప్పు ట్యాంకు ఉన్న సౌర తాపకేంద్రం చెరువు లాంటిది. వాన పడినప్పుడు నింపుకొని, పైరు ఎండే వేళ తూము తెరుచుకోవచ్చు.

ఒక లెక్క చేద్దాం

విశిష్టోష్ణం పాఠం చదివినవారు ఈ లెక్కను స్వయంగా చేసి చూడవచ్చు. స్పెయిన్‌లోని గ్రనడా ప్రాంతంలో ఆండసోల్–1 అనే కేంద్రం ఉంది. దాని సామర్థ్యం 50 మెగావాట్లు. అక్కడ 28,500 టన్నుల ఉప్పు ఉంది. ఆ ఉప్పు సుమారు 290 డిగ్రీల నుంచి 385 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. అంటే తేడా 95 డిగ్రీలు. ఒక కిలో ఉప్పు ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 1.5 కిలోజౌళ్లు కావాలి.

2 కోట్ల 85 లక్షల కిలోలను 1.5తో, 95తో గుణిస్తే సుమారు 406 కోట్ల కిలోజౌళ్లు వస్తాయి. 3600 కిలోజౌళ్లు ఒక యూనిట్ కనుక ఇది 11 లక్షల 28 వేల యూనిట్ల వేడి. ఆవిరి టర్బైన్ ఇందులో దాదాపు మూడో వంతునే కరెంటుగా మార్చగలదు. అంటే సుమారు 3 లక్షల 76 వేల యూనిట్లు. 50 మెగావాట్ల కేంద్రం గంటకు 50,000 యూనిట్లు ఇస్తుంది కనుక ఈ నిలవ ఏడున్నర గంటలు వస్తుంది. ఆండసోల్ నిర్మాతలు చెప్పిన లెక్క కూడా ఏడున్నర గంటలే.

ఒక హాస్టల్‌లో సాయంత్రం దీపాలకు, ఫ్యాన్లకు 5 కిలోవాట్లు కావాలనుకుంటే, 50 మెగావాట్లు 10,000 హాస్టళ్లకు సరిపోతాయి. అదీ సూర్యుడు అస్తమించాక ఏడున్నర గంటలపాటు. పాఠ్యపుస్తకంలోని ఒక చిన్న సూత్రం ఎంత దూరం పనికివస్తుందో గమనించండి.

అదే స్పెయిన్‌లో సెవిల్ సమీపాన 2011లో ప్రారంభమైన హెమసోలార్ టవర్ కేంద్రానికి 15 గంటల నిలవ ఉంది. 20 మెగావాట్లకు కాస్త తక్కువ సామర్థ్యం ఉన్న ఆ చిన్న కేంద్రం, 2013లో వరుసగా 36 రోజులపాటు రాత్రింబవళ్లు ఆగకుండా కరెంటు ఇచ్చింది.

గ్రిడ్‌కు కలిగే నాలుగు లాభాలు

మొదటిది, సమయం. మధ్యాహ్నం ప్యానెళ్లు సరిపడా ఇస్తున్నప్పుడు వేడిని దాచిపెట్టి, సాయంత్రం టర్బైన్‌ను నడపవచ్చు. పగటికి, సాయంత్రానికి మధ్య వచ్చే ఏటవాలు వాడకాన్ని బొగ్గు కేంద్రాలు ఒక్కటే మోయనక్కర్లేదు.

రెండోది, జడత్వం. ఇందులో బొగ్గు కేంద్రంలో లాంటి టర్బైన్, జనరేటరే ఉంటాయి. ఆ యంత్రం గ్రిడ్‌తో కలిసి తిరుగుతున్నంతసేపు సారె బరువు గ్రిడ్‌కు అందుతుంది.

మూడోది, పెరిగే తరిగే గుణం. పౌనఃపున్యం దిగితే గవర్నర్ వాల్వు తెరుస్తుంది. ట్యాంకులో వేడి ఉంటుంది కనుక నిజంగానే ఉత్పత్తి పెరుగుతుంది. మబ్బు పట్టినా ట్యాంకు ఆ లోటు కనబడనివ్వదు. ట్యాంకు లేని కేంద్రాల్లో సైతం గొట్టాల్లోని వేడి నూనె కొన్ని నిమిషాలపాటు ఆదుకుంటుంది.

నాలుగోది, ఓల్టేజి అదుపు. జనరేటర్ ఫీల్డుకు ఇచ్చే కరెంటును హెచ్చించి తగ్గించి, ఆ ప్రాంతపు ఓల్టేజిని పైకి కిందికి సర్దవచ్చు. దీన్ని రియాక్టివ్ పవర్ ఇవ్వడం, తీసుకోవడం అంటారు.

స్పెయిన్ నేర్పిన పాఠం

ఇన్ని లాభాలున్నాయి కనుక ఇలాంటి కేంద్రాలు కట్టేస్తే చాలునా? చాలదు. ఇందుకు ఉదాహరణ కూడా స్పెయిన్‌లోనే ఉంది. ఆ దేశంలో దాదాపు 2,300 మెగావాట్ల సౌర తాపవిద్యుత్ సామర్థ్యం ఉంది. అయినా 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం 12 గంటల 33 నిమిషాలకు స్పెయిన్, పోర్చుగల్ దేశాలు రెండూ కొన్ని సెకన్లలో చీకటయ్యాయి. ఆ సమయంలో స్పెయిన్ ఉత్పత్తిలో సగానికి పైగా సౌర విద్యుత్తే ఉండటంతో, సోలారే కారణమని చాలామంది అన్నారు.

విచారణలో తేలింది వేరు. ఓల్టేజి హద్దు మీరి పెరిగిపోయింది. దాన్ని తగ్గించవలసిన కేంద్రాలు తగినంతగా తగ్గించలేదు. ఓల్టేజి పెరిగేకొద్దీ ఒక్కొక్క కేంద్రం తనను తాను కాపాడుకోవడానికి గ్రిడ్ నుంచి విడిపోయింది. ఒకటి విడిపోతే ఓల్టేజి ఇంకా పెరిగి మరొకటి విడిపోయింది. ఓల్టేజి అదుపుకు అవసరమైన ఏర్పాట్లు చాలలేదని 2025 జూన్‌లో స్పెయిన్ ప్రభుత్వం విడుదల చేసిన నివేదిక చెప్పింది. అక్కడి నియమాల ప్రకారం ప్యానెల్ కేంద్రాలకు ఓల్టేజిని అదుపు చేసే బాధ్యతే ఇవ్వలేదు.

దీనిలో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, తప్పు సూర్యుడిది కాదు. రెండు, యంత్రం ఉండటం వేరు, ఆ యంత్రానికి ఆ పని అప్పగించి చేయించడం వేరు. గ్రిడ్ నిలకడ అనేది నియమాలతో, బాధ్యతలతో కూడిన విషయం.

మన దేశంలో ఏం జరిగింది?

2010లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్ మొదటి దశలో 470 మెగావాట్ల 7 సౌర తాపకేంద్రాలను కేటాయించారు. వాటిలో కొన్నే పూర్తయ్యాయి. రాజస్థాన్‌లోని నోఖ్‌లో 50 మెగావాట్ల కేంద్రం 2013లో, మన అనంతపురం జిల్లా నాగలాపురంలో 50 మెగావాట్ల కేంద్రం 2014లో ప్రారంభమయ్యాయి. రెండూ పరావలయపు తొట్లతో కట్టినవే. నాగలాపురం కేంద్రానికి ఉప్పు ట్యాంకు లేదు. అంటే వాగు ఉంది కానీ చెరువు తవ్వలేదు.

ఎందుకు ఆగిపోయాయి? మొదటి కారణం ధర. ఆ 7 కేంద్రాలు అడిగిన ధర యూనిట్‌కు 10 రూపాయల 49 పైసల నుంచి 12 రూపాయల 24 పైసల వరకు ఉంది. 2017 మే నాటికి రాజస్థాన్‌లోని భడ్లాలో ప్యానెళ్ల కరెంటు ధర 2 రూపాయల 44 పైసలకు దిగింది. ఇక అద్దాల వైపు ఎవరు చూస్తారు?

రెండో కారణం ఎండ. మనకు ఎండలకు కొదవలేదని అనుకుంటాం. కానీ అద్దాలకు సూటిగా వచ్చే ఎండ కావాలి. దుమ్ము, పొగమంచు, తేమ వల్ల చెల్లాచెదురైన వెలుతురు ప్యానెళ్లకు పనికివస్తుంది, అద్దాలకు పనికిరాదు. మూడో కారణం నీరు. ఆవిరిని చల్లార్చడానికి, అద్దాలు కడగడానికి నీరు కావాలి. కరువు ప్రాంతాల్లో ఇది చిన్న విషయం కాదు. మొరాకోలోని నూర్ రెండు, మూడు కేంద్రాల్లో లాగా గాలితో చల్లార్చవచ్చు కానీ అందుకు ఖర్చు పెరుగుతుంది.

ఉప్పు కూడా మొండిదే. 230 డిగ్రీల ప్రాంతానికి చల్లబడితే గొట్టాల్లోనే గడ్డకట్టడం మొదలవుతుంది. అమెరికాలోని నెవాడాలో 110 మెగావాట్లతో, 10 గంటల నిలవతో కట్టిన క్రెసెంట్ డ్యూన్స్ కేంద్రంలో 2016లో ఉప్పు ట్యాంకు కారడంతో నెలల తరబడి పని ఆగింది. 2019లో ఆ కేంద్రం మూతపడింది. మరోవైపు చైనాలోని డున్‌హువాంగ్‌లో 100 మెగావాట్ల టవర్ 11 గంటల నిలవతో 2018లో మొదలైంది. చిలీలో 110 మెగావాట్ల సెరో డొమినడోర్ 17 గంటలకు పైగా నిలవతో 2021లో ప్రారంభమైంది. కాబట్టి పద్ధతి విఫలమైందని అనడానికి వీల్లేదు, తేలికైనదని అనడానికీ వీల్లేదు.

నిలవకు వేరే దారులు కూడా ఉన్నాయి. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని 150 మెగావాట్ల 6 యంత్రాలు నీటిని తిరిగి పైకి తోడగలిగేలా కట్టినవి. పెద్ద బ్యాటరీల ధరలు బాగా తగ్గాయి. అవి సెకనులో చిన్న భాగంలోనే స్పందిస్తాయి. జడత్వాన్ని అనుకరించే కొత్తరకం ఇన్వర్టర్లు కూడా వచ్చాయి. రెండు, మూడు గంటల అవసరానికి బ్యాటరీయే చవక కావచ్చు. రాత్రంతా నడవాలన్నా, నిజమైన తిరిగే చక్రం కావాలన్నా ఉప్పు ట్యాంకుకు చోటు ఉంది.

చివరిగా

ఇన్ని విషయాలు చదివాక మాకు అర్థమైన ముఖ్యమైన సంగతి ఒకటే. 2 రూపాయల 44 పైసల మధ్యాహ్నపు యూనిట్, రాత్రి 8 గంటల యూనిట్ ఒకటి కావు. రెండింటినీ ఒకే తక్కెడలో తూస్తే, సాయంత్రపు లోటు ఎవరో ఒకరి మీద పడుతుంది. కోత పెట్టవలసి వచ్చినప్పుడు ఆ ఎవరో ఒకరు ఎక్కువగా పల్లె ఫీడర్ మీద ఉన్నవారే అయ్యారని గత అనుభవం చెబుతోంది. కనుక ఏ కేంద్రం గురించి విన్నా ఎన్ని మెగావాట్లు అని ఆగిపోకుండా, ఏ గంటలో ఇస్తుంది, గ్రిడ్ కుదుపునకు లోనైతే ఆదుకుంటుందా అని అడగడం మన హక్కు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సైన్సులో జడత్వం, విశిష్టోష్ణం, లెక్కల్లో పరావలయం చదువుతున్నప్పుడు ఇవి పరీక్ష కోసమే అనుకోకండి. ఈ మూడింటిని కలిపితే ఒక విద్యుత్ కేంద్రం అవుతుంది. ఐటీఐ, డిప్లొమా, ఇంజనీరింగ్ చదివి సబ్‌స్టేషన్లలో, లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో కూర్చోవలసినవాళ్లు మనలో నుంచీ రావాలి. ఏ ఫీడర్‌ను ముందు ఆపాలన్న నిర్ణయం జరిగే గదిలో, ఆ ఫీడర్ కింద చదువుకున్న మనిషి ఒకరు ఉండటం ఎంతైనా అవసరం.